చెప్పు వెనక సుడిగాలి

ముందే ఒప్పుకుంటున్నాను. నా మాటలు నమ్మేముందు ఒకసారి చేటలో పోసి చెరుక్కోండి. మా ఇంట్లో పిల్లి ఈనిందనుకోండి, నేను బజారుకు చేరేలోపు అది చిరుతపులి అయిపోతుంది. ఇది నా తప్పు కాదు, దారి పొడుగు.

రెండో ప్రపంచయుద్ధం సాగుతున్న రోజులవి. నరసరావుపేటలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. సాయంత్రం కోర్టు పని ముగిశాక ఆయన అరుగు మీద కక్షిదారులూ ఇరుగుపొరుగులూ చేరేవారు. అక్కడ కబుర్లు చెప్పడమే నా అసలు ఉద్యోగం. గుమాస్తాగిరీ కేవలం పొట్టకూటికి.

ఒకనాడు ప్లీడరుగారు ఏ ఓడలోనో నలిగి నలిగి ఆలస్యంగా చేరిన అమెరికా బొమ్మల పత్రిక విప్పారు. పేజీ నిండా టోర్నడో ఫోటో. నల్లటి మబ్బులోంచి ఏనుగు తొండం లాంటిది దిగి నేలను తాకుతోంది. దాని ముందు అగ్గిపెట్టెంత ఇల్లు, ఇంటికొక కంచె. ఆ బొమ్మ ఎరగనివాడు ఆ దేశంలో లేడట. అరుగు మీద అందరూ నోళ్ళు తెరిచారు. నేనూ తెరిచాను, మాట్లాడ్డానికి.

"ఇదేం గొప్పండీ! మా మేనమామది గురజాల వైపు. అక్కడ ఎండాకాలం పూటకొకటి లేస్తది. మొన్నొకటి మా మామ గేదెను లేపి కృష్ణ అవతల దించింది. ఆ గట్టువాళ్ళు పూటపాలు పితుక్కుని పడవెక్కించి పంపారు."

ప్లీడరుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "సరేనయ్యా. అంతటిదాన్ని ఫోటో తీసి పట్రా. తేలేకపోయావా, ఇక ఈ అరుగు మీద నోరు విప్పకూడదు. కాగితాలు రాసుకుని ఇంటికి పోవడమే."

అందరూ సరేనన్నారు. కొందరు మరీ తొందరగా అన్నారు. జీతం ఆపితే పస్తుండి బతకొచ్చు. మాట ఆపితే ఎట్లా బతికేది?

గడియారాలు బాగుచేసే సాయిబుగారి దగ్గర ఒక డబ్బా కెమెరా ఉండేది. బతిమాలితే ఇచ్చాడు. "ఫిల్ము మద్రాసులోనే దొరకట్లేదు బాబూ. దీంట్లో ఒక్క బొమ్మకే చోటుంది, ఒక పెళ్ళికని దాచిపెట్టా. చెడగొట్టావో, ఆ పెళ్ళికొడుకుని మీ ఇంటికే తోల్తా" అన్నాడు.

పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిపే బస్సెక్కి మామ ఊరికి బయలుదేరాను. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరం దిగి తోశాం. నిజానికి సగం దూరం ఆ బస్సే నా మీద ఎక్కి వచ్చింది.

జొన్న కోసేసిన చేలు. నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది, ఒక్కో నెర్రెలో ఒక్కో తాలూకా పట్టేట్టు. మిట్ట మధ్యాహ్నం కెమెరా పట్టుకుని నిలబడ్డాను. మామ వచ్చి ఎగాదిగా చూశాడు.

"ఏందిరా అల్లుడూ, ఎండలో కొయ్యలాగా?"

"సుడిగాలి కోసం మామా. ఫోటో తియ్యాల."

"దయ్యానికి ఫోటోనా? ఒరేయ్, మనిషన్నోడు సుడిగాలి కనపడితే తుపుక్కున ఊసి పక్కకి తొలుగుతాడు. నువ్వు పేరంటానికి పిలిచినట్టు పిలుస్తున్నావే! రేపు నీకేమన్నా అయితే మా అక్కకి నేనేం జవాబు చెప్పాల?"

సుడిగాలిలో దయ్యం తిరుగుతుందనీ, చెప్పు విసిరితే పారిపోతుందనీ మా వైపు అందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. కానీ దయ్యం మాట ఫోటో తీశాక చూసుకోవచ్చనుకున్నాను.

అప్పుడు లేచింది. తాటిచెట్టు మీద తాటిచెట్టు, దాని మీద ఇంకొకటి. దుమ్ము, జొన్నాకు, ఎవడిదో తలగుడ్డ గిరగిరా తిరుగుతూ వస్తున్నాయి. కెమెరాను పొట్టకానించి, పైనున్న చిన్న అద్దంలోకి తల వంచాను. ఆ అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. గాలికి దూరంగా జరుగుతున్నాననుకుంటూ నేరుగా దాని నోట్లోకే నడిచాను.

నేను అందులోకి పోవడం మామ చూశాడు. "నా అక్క కొడుకు జోలికొస్తావంటే..." అని అరిచాడు. ఆ తర్వాతి మాటలు అచ్చుకెక్కవు. ఆ అరుపుకు అదిరిపడి మీట నొక్కేశాను.

గాలి పక్కకు మళ్ళి పోయింది. రెండోది దాని మీదికి విసిరేసి, మామ ఒంటి చెప్పుతో నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు. "చూశావా, కిర్రుచెప్పు చూసి ఎట్టా తోక ముడిచిందో!"

సాయిబుగారు ఫోటో కడిగి, వెలుతురుకు పెట్టి చూశాడు. "చెప్పు చానా బాగా వచ్చింది బాబూ. దాని వెనకాల ఏంది, పొయ్యి పొగా?"

అమెరికావాడి బొమ్మ మర్మం అప్పుడు నాకు తెలిసింది. తొండం ముందు ఇల్లు చిన్నదిగా ఉంది కాబట్టి తొండం కొండంత అయింది. నా బొమ్మలో ముందున్నది మామ చెప్పు. మసకగానే పడినా ఆకాశంలో సగం ఆక్రమించింది. దాని పక్కన నా ప్రళయం సాంబ్రాణి పొగంత ఉంది.

అరుగు మీద ప్లీడరుగారు ఫోటోను అటూ ఇటూ తిప్పి, "ఎవరిదయ్యా ఇది?" అన్నారు.

"మా మామదండి."

"నీకు తగిలిందా?"

"నాక్కాదండి, దయ్యానికి."

అరుగు అరుగంతా పగలబడి నవ్వింది. పందెం ప్రకారం నా నోరు మూతపడింది. ఇక అక్కడ మిగిలిన కబుర్లు కంట్రోలు కిరసనాయిలు ఎప్పుడిస్తారు, ఎవరి కాలి పుండు ఎంతవరకు మానింది, అంతే. చివరికి ప్లీడరుగారే ఉండబట్టలేక, "అరుగు వల్లకాడులా ఉందయ్యా, ఏదో ఒక కోత కొయ్యి" అని బతిమాలారు.

ఇందులో నేను కల్పించిందేదో గేదె దగ్గరే దొరికిపోయిందని మీరు అనుకుంటారు. ఆ గేదె అబద్ధమని అరుగు మీద అందరికీ తెలుసు, కాబట్టి అది లెక్కలోకి రాదు. చెప్పు నిజం. మామ తిట్లు మరీ నిజం. అల్లింది ప్లీడరుగారి బతిమాలడమే. ఆయన నన్ను మాట్లాడమని ఒక్కనాడూ అనలేదు. మర్నాటి సాయంత్రమే నేను పందెం మింగేసి, "మా మామ చెప్పు ఎక్కడ తేలిందో తెలుసా అండీ? కృష్ణలో పడి ధరణికోట దగ్గర ఒడ్డుకు చేరింది" అని అందుకున్నాను.

ఆయన చేతిలోని పత్రిక మడిచి పక్కన పెట్టారు.