తొమ్మిదో చొక్కా

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం స్టేజీ మీద కవయిత్రి ఇంకా కవిత చెబుతుండగానే నేను దాన్ని ముగించేశాను. పైన ప్రొజెక్టర్ గదిలో కూర్చుని చివరి స్లైడ్ వేసేశాను, జనం చప్పట్లు కొట్టారు. రాత్రి డైరీలో కూడా "ప్రోగ్రామ్ అయింది. తలనొప్పి" అని రాసి మూసేశాను.

అక్కడికి నేను కవిత్వం కోసం వెళ్ళలేదు. ఎమ్మెస్ అయ్యాక ఉద్యోగం దొరకలేదు. చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ గడువులో తొంభై రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న ముగ్గురు అమ్మాయిలం పొద్దున్నే లేచి ఎన్ని రోజులు మిగిలాయో చూసుకునేవాళ్ళం. జీతం లేకపోయినా సరే, చదువుకు సంబంధించిన పని వారానికి ఇరవై గంటలు చేస్తే ఆ లెక్క ఆగుతుందని సీనియర్లు చెప్పారు. కనబడిన ప్రతి సంస్థకూ మెయిల్ పెట్టాను. డల్లాస్‌లో ఒక చిన్న లాటినో కల్చరల్ సెంటర్ నుంచి మాత్రం జవాబొచ్చింది. ఒకప్పుడు ఫర్నిచర్ షాపుగా ఉన్న బిల్డింగ్ అది. నడిపేది యాభై దాటిన ఒక డాన్స్ టీచర్. అందరూ ఆవిణ్ణి డైరెక్టర్ అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. నేను అక్కడ పనిచేస్తున్నానన్న లెటర్ మీద ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా సంతకం పెట్టింది. వెబ్‌సైట్ బాగుచేయడం రెండు వారాల్లో అయిపోయింది. మిగతా గంటలకి నన్ను ప్రొజెక్టర్ దగ్గర కూర్చోబెట్టింది.

నా పని చిన్నది. వాళ్ళ నాటకాలూ పాటలూ కవితలూ స్పానిష్‌లో ఉంటాయి. ప్రేక్షకుల్లో సగంమంది అక్కడి పెద్దవాళ్ళ మనవలూ మనవరాళ్ళూ, వాళ్ళకి ఇంగ్లీషే వచ్చు. అందుకని స్టేజీ వెనక తెర మీద ఇంగ్లీషు లైన్లు పడాలి. సమయానికి బటన్ నొక్కాలి, అంతే. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, నన్నెవరూ చూడరు. నాకంతకన్నా మంచి పని ఎవరూ ఇవ్వలేదు.

కవయిత్రి నాకు పరిచయమైంది ఆ పనిలోనే. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా ఉండేది, ఎప్పుడూ నల్ల శాలువా కప్పుకునేది. వాళ్ళ డాన్సుల్లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో వేషం. ఒక డాన్స్ అయ్యాక అమ్మాయిలు లోపలికి పరుగెత్తి, గజాలకొద్దీ కుచ్చులున్న స్కర్టు విప్పి, ఇంకోటి తొడుక్కుని, జడల్లో రిబ్బన్లు మార్చుకుని రావాలి. ఆ నాలుగైదు నిమిషాలు స్టేజీ ఖాళీగా ఉండకుండా ఆవిడ వచ్చి కవిత వినిపించేది. తన కవిత ఎంత పొడవుండాలో తాను కాదు, స్కర్టుల హుక్కులు చెబుతాయని ఒకసారి నాతో అని నవ్వింది. వాళ్ళలో కవిత వినిపించడమంటే కాగితం లేకుండా చెప్పడమే. చేతులూ కళ్ళూ గొంతూ అన్నీ అందులో ఉండాలి. కాగితం పట్టుకుని చదివేవాళ్ళని ఆవిడ వాతావరణ వార్తలు చెప్పేవాళ్ళు అనేది.

నన్ను "మీహా" అని పిలిచేది. మనం చిన్నవాళ్ళని అమ్మడూ అంటాం చూడండి, అలాంటి మాట.

తర్వాత నాకు లాస్ కొలీనాస్‌లో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. ఇక సెంటర్‌కి వెళ్ళాల్సిన అవసరం లేదు. అయినా శని ఆదివారాలు వెళుతూనే ఉన్నాను. వారమంతా ఎవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతికి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇంటికొచ్చి, శనివారం మళ్ళీ కార్ తీసేసరికి నాకే విసుగొచ్చేది. మా రూమ్మేట్, కరీంనగర్ అమ్మాయి, సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటూ అంటుండేది.

"మనోళ్ళ ఉగాది ప్రోగ్రామ్‌కి రమ్మంటే కడుపునొప్పి అన్నవ్. గా స్పానిషోళ్ళ తానికి మాత్రం వారం వారం పోతవ్. ఏం పెడుతున్నరే ఆడ?"

"ఏం పెట్టరు. చీకట్లో కూర్చోబెడతారు."

"గదైతే నీకు పండుగే."

నిజమే. కానీ చీకట్లో కూర్చున్నది ఊరికే కాదు. ఆవిడ కవితలు వినీ వినీ నాకు కంఠతా వచ్చేశాయి. నాకు స్పానిష్ రాదు. చిన్నప్పుడు బడిలో అర్థం తెలియకపోయినా పద్యాలు అప్పజెప్పేవాళ్ళం కదా, అలా వచ్చాయి. ఏ శబ్దం తర్వాత ఏ శబ్దమో తెలుసు, ఏ శబ్దానికి ఏ స్లైడో తెలుసు. వాటిలో ఆవిడ ఎక్కువగా చెప్పేది చొక్కాల కవిత. ఆవిడ తల్లి ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేదట. కవితలో తొమ్మిది చొక్కాలు, తొమ్మిది చరణాలు. ప్రతి చరణమూ ఒకే మాటతో మొదలవుతుంది: ఈ చొక్కా ఎవరిదో. డాక్టరుది, పెళ్ళికొడుకుది, బ్యాంకులో పనిచేసేవాడిది, ఇలా ఎనిమిది. తొమ్మిదోది అరిగిపోయిన కాలర్ తిప్పి కుట్టిన చొక్కా, అంటే ఇంట్లో తండ్రిది. ఆఖరి లైన్: ఇది మాది. చరణానికో స్లైడ్, ఆఖరి లైనుకి విడిగా ఒకటి, మొత్తం పది.

ఫిబ్రవరిలో ఒకసారి నాలుగో చొక్కా తర్వాత ఆరోది చెప్పింది. నేను గబుక్కున రెండుసార్లు నొక్కాను. ఎవరికీ తెలియలేదు. కవిత విన్నవాళ్ళకి అది కొత్త, తెలిసినవాళ్ళు లోపల స్కర్టులు మార్చుకుంటున్నారు. తప్పిపోయిందని తెలిసింది నాకొక్కదానికే. ఆవిడకి కూడా తెలియలేదు. దిగొచ్చి, ఈరోజు గొంతు బాగా పలికింది కదా అని నన్నడిగింది. బాగా పలికిందన్నాను.

మార్చిలో రెండు చరణాలు పోయాయి, మే నెలలో మూడు. స్లైడ్ నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి పోవచ్చని నాకు తెలుసు. చరణాల్లో ఆ మొదటి మాట తర్వాత వచ్చే శబ్దాలూ నంబర్లూ తెలుగులో ఒక చీటీ మీద రాసి ల్యాప్‌టాప్‌కి అంటించుకున్నాను. ఆవిడ ఎక్కడికి దూకితే నేనూ అక్కడికి దూకేదాన్ని. ప్రతిసారీ బయటికొచ్చేసరికి మెడ పట్టేసేది. అవధానాల్లో ధారణ తప్పకుండా పద్యాలు అప్పజెప్పడం మనవాళ్ళకి గొప్ప. ఇక్కడ ధారణ చేస్తున్నది ఆవిడో నేనో నాకే తెలిసేది కాదు.

సెప్టెంబరులో వాళ్ళ పెద్ద ఉత్సవం. దానికి వారం ముందు రిహార్సల్ అయ్యాక డైరెక్టర్ మెట్లెక్కి నా గదిలోకి వచ్చింది. అంతకుముందెప్పుడూ రాలేదు. తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"ఆవిడ లైన్లు మర్చిపోతోందా? నేను లోపల హుక్కులు పెడుతూ ఉంటాను, నాకు వినపడదు. నువ్వు ప్రతిసారీ చూస్తావు. నువ్వు చెబితే నమ్ముతాను."

అవునంటే ఏమవుతుందో కూడా చెప్పింది. ఆ కవితల్ని ఒక స్కూల్ టీచర్ కాగితం చూసి చదువుతుంది, ఆవిడ ముందు వరుసలో కూర్చుంటుంది. ఇంతమంది ముందు ఆవిడ నవ్వులపాలు కాకూడదని డైరెక్టర్ బాధ. అందులో తప్పులేదు. నా లెటర్ మీద సంతకం పెట్టిన మనిషి, నేను ఎప్పుడూ అబద్ధం చెప్పని మనిషి. నేను లేదన్నాను. కవయిత్రి మీద ప్రేమతోనే అన్నానని చెప్పుకోవచ్చు. కానీ ఆ రోజు పొద్దున్నుంచి తొమ్మిది గంటలు ఆ గదిలో ఉన్నాను, ఆకలేస్తోంది, అవునంటే ఇంకా చాలా మాట్లాడాలి. లేదు అన్నది ఒక్క మాటతో పోతుంది.

ఆ ఆదివారం హాలు నిండిపోయింది. వెనక గోడ దగ్గర నిలబడి చూస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు. రెండో డాన్స్ అయ్యాక ఆవిడ వచ్చింది. శాలువా సర్దుకుని, చెయ్యెత్తి మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చక్కగా వచ్చాయి. తర్వాత "ఈ చొక్కా ఎవరిదో" అని రెండోదానికి వెళ్ళింది. నేను రెండు వేశాను. మూడు, నాలుగు. మళ్ళీ "ఈ చొక్కా ఎవరిదో", మళ్ళీ రెండు. అన్ని చరణాలూ ఒకే మాటతో మొదలైతే ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాలో ఎలా గుర్తుంటుంది? ఆవిడ తిరిగి తిరిగి అదే గుమ్మంలోకి వస్తోంది.

మా వైపు పద్యనాటకాల్లో జనం వన్స్ మోర్ అంటే నటుడు అదే పద్యం మళ్ళీ అందుకుంటాడు. ఇక్కడ ఎవరూ అనలేదు. మొదటిసారికి జనం అది కవితలో ఉన్నదే అనుకున్నారు. రెండోసారికి ముందు వరుసలో ఒకరిద్దరు తలలు తిప్పి చూసుకున్నారు. పక్క తెర వెనక నుంచి డైరెక్టర్ టార్చి రెండుసార్లు వెలిగి ఆరింది. అమ్మాయిలు సిద్ధం, ఇక ముగించవచ్చని నాకిచ్చే సైగ అది. కాసేపటికి మళ్ళీ వెలిగింది, ఈసారి ఆరలేదు.

మూడోసారి అదే గుమ్మానికి వచ్చి "ఈ చొక్కా ఎవరిదో" అన్నప్పుడు ఆవిడ గొంతు మారింది. నిజంగా ఎవరినో అడిగినట్టు అంది. చేతులు మామూలుగానే కదులుతున్నాయి, కళ్ళు మాత్రం ఒకేచోట ఆగిపోయాయి. ఆవిడకి తెలిసిపోయిందని నాకప్పుడు అర్థమైంది.

పది కొట్టి ఎంటర్ నొక్కాను.

తెర మీద ఆఖరి లైను పడింది. చదివిన పిల్లలు కవిత అయిపోయిందనుకుని చప్పట్లు మొదలుపెట్టారు, పెద్దవాళ్ళు అందుకున్నారు. ఆవిడ మాట మధ్యలో ఆగింది. చెయ్యి ఇంకా పైనే ఉంది. ఎప్పుడూ వెనక్కి చూడని మనిషి అప్పుడు వెనక్కి తిరిగి, తెర మీద తన ఆఖరి లైను చదువుకుంది. తర్వాత జనానికి దణ్ణం పెట్టినట్టు తల వంచి లోపలికి వెళ్ళిపోయింది. వెంటనే సంగీతం మొదలైంది, అమ్మాయిలు వచ్చారు.

సాయంత్రం కేబుళ్ళు చుడుతుంటే డైరెక్టర్ ఎదురొచ్చింది. అలసిపోయినా సంతోషంగా ఉంది. అలా తిప్పి తిప్పి చెప్పడం కొత్తగా ఉందని, ముందే చెప్పి ఉంటే టార్చి వేసేదాన్ని కాదని అంది. నా భుజం తట్టి, నువ్వు చెప్పింది నిజమే, నవంబరు ప్రోగ్రామ్‌కి కూడా ఆవిడనే వేస్తానంది. నేను కేబుల్ చుడుతూ తలూపాను.

వేషాలు మార్చుకునే గదిలో ఆవిడ ఒక్కతే ఉంది. కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది. నేను ఎక్స్‌టెన్షన్ బాక్స్ కోసం వెళ్ళాను. పలకరించకుండా తీసుకుని వచ్చేద్దామనుకున్నాను.

"ఎన్నిసార్లు తిరిగాను?" అంది.

"మూడు."

"ఇదే మొదటిసారా?"

నేను ఎక్స్‌టెన్షన్ బాక్స్ కింద పెట్టాను. కాదన్నాను. ఫిబ్రవరి నుంచని చెప్పాను. ఏ నెలలో ఏ చొక్కాలు పోయాయో అడిగితే అవీ చెప్పాను. పెళ్ళికొడుకుది పోయిందన్నప్పుడు మాత్రం, అది తనకి అన్నిటికన్నా ఇష్టమైన చరణమని అంది.

"డైరెక్టర్‌కి తెలుసా?"

"అడిగారు. లేదని చెప్పాను."

"ఆమె అడిగితే అబద్ధం చెప్పావు. నేను అడక్కపోతే నిజం చెప్పలేదు." కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది.

నాకు తోచిన ఉపాయం చెప్పాను. స్టేజీ అంచున, ఆవిడకి మాత్రమే కనబడేలా చిన్న మానిటర్ పెడతాను. స్పానిష్ లైన్లు అందులో వస్తాయి, ఎవరికీ తెలియదు. ఒక పూటలో సెట్ చేసేస్తాను. ఆవిడ నవ్వింది. వాతావరణం చెప్పమంటావా అని అడిగింది.

పక్క గదిలో ఎవరో కుర్చీలు మడుస్తున్నారు. ఆవిడ వంగి బూటు తొడుక్కోబోయి లేస్ అందక ఆగితే నేను కూర్చుని ముడి వేశాను. మర్నాడు పొద్దున్నే డైరెక్టర్‌కి తనే చెప్పుకుంటానంది, నన్ను నోరెత్తొద్దంది. అన్నట్టే చెప్పింది. నవంబరులో ఆ కవితని టీచర్ కాగితం చూసి చదివింది, తొమ్మిది చరణాలూ వరసగా వచ్చాయి, నేను వరసగా బటన్ నొక్కాను. ఆవిడ అప్పటికే శాన్ ఆంటోనియోలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. స్టేజీ ఎక్కించనప్పుడు చెల్లెలి వంటైనా తింటానని అందరితో చెప్పిందట. ఆ తర్వాత నేను ఆవిణ్ణి చూడలేదు.

ఉత్సవం రోజు సాయంత్రం ఆవిడని తీసుకెళ్ళడానికి కారొచ్చింది. తలుపు దాకా వెంట వెళ్ళాను. మామూలుగా నేను ఎవరినీ ఏమీ అడగను. ఆ రోజు అడిగాను, మరి నేనేం చేసి ఉండాల్సిందని. ఆవిడ శాలువా సర్దుకుని, నా వైపు చూసింది.

"కిందికి దిగొచ్చి నా పక్కన నిలబడాల్సింది, మీహా. మిగతాది నేను చూసుకునేదాన్ని."