కోట ఇటుకతో తొక్కుడుబిళ్ళ

నిన్న గంజాంలో రుషికుల్య ఒడ్డున ఉన్న పాత కోటకు మా అమ్మాయిని తీసుకెళ్లాను. అప్పుడే వాన వెలిసింది. తడిసిన ఇటుకల వాసన తగలగానే ఆ ఊళ్లోని మా అమ్మమ్మగారి ఇల్లు, పెరట్లో నూతి గట్టు గుర్తొచ్చాయి.

మా ఈడు ఆడపిల్లలూ, మీకు గుర్తుందా? తొక్కుడుబిళ్ళకు కోట ఇటుకే కావాలని పట్టుబట్టేవాళ్లం. మా చెల్లి చిన్ని ఒక ముక్కను నూతి గట్టు మీద అరగదీసి అరిసెలా గుండ్రంగా చేసుకుంది. అమ్మమ్మ చూసి మండిపడింది.

"అది జొరాల కోటే! దొరలే ఒగ్గీసి పారిపోనారు. అక్కడిది ఇంటికి తెస్తారేటే?"

చిన్ని దాన్ని తలగడ కింద దాచుకుంది.

ఆ వానాకాలమే చిన్నికి జ్వరం వచ్చింది. బరంపురం ఆసుపత్రికి తీసుకెళ్లారు. మళ్లీ ఇంటికి రాలేదు. కర్మలయ్యాక అమ్మమ్మ ఆ బిళ్ళను కొంగున కట్టుకుని, ఒక్కతే నడిచివెళ్లి కోటలో వదిలేసి వచ్చింది.

అదంతా అమ్మమ్మ చాదస్తమనుకున్నాను ఇన్నాళ్లూ. నిన్న అక్కడి కాపలాదారు కూడా అదే చెప్పాడు. దొరల కాలంలో జ్వరాలతో ఊరు ఖాళీ అయిందట, కచేరీలన్నీ బరంపురం తరలిపోయాయట.

వింటూనే మా అమ్మాయి ఒక ఇటుక ముక్క తీసి బ్యాగులో వేసుకోబోయింది.

"ఒగ్గీ!" అని అరిచాను.

"ఏటమ్మా, ఇటుక్కి జొరం ఉంటాదేటి?" అని నవ్వింది.

ఉండదని నాకూ తెలుసు. అప్పటికే ఆ ముక్కల్లో గుండ్రటిది ఎక్కడైనా ఉందేమోనని వంగి వెతుకుతున్నాను.