యోబు సార్ ఎత్తని చెయ్యి

అనుమానం పెనుభూతం అంటారు. మా యోబు సార్ దాన్నే ఉద్యోగం చేసుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఆయన గ్రూప్స్‌ పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతాడు. ఐక్యరాజ్యసమితిలో ఏ తీర్మానానికి ఏ దేశం ఎటు ఓటేసిందో పదిహేనేళ్లుగా ఒక లావుపాటి పుస్తకంలో రాస్తున్నాడు. ఎవరు ఎవరితో ఎన్నిసార్లు కలిశారో, ఎన్నిసార్లు ఎదురు తిరిగారో అన్నీ అందులో ఉంటాయి. "ఉపన్యాసాలు నమ్మకున్రి, ఓట్లు చూడున్రి" అంటాడు. ఉక్రెయిన్ యుద్ధం మీద మన దేశం ఎటూ ఓటేయకుండా ఊరుకున్నప్పుడు వారమంతా అదే పాఠం. తటస్థంగా ఉన్నవాడు అందరికీ అవసరమవుతాడని పిల్లలతో రాయించాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఎల్బీ నగర్‌లో ఆయనా నేనూ ఉండే అపార్టుమెంటు పన్నెండు ఫ్లాట్లకూ అదే పుస్తకంలో గళ్లు గీశాడు. అసోసియేషన్ మీటింగులో ఎవరి వెంట ఎవరు చెయ్యెత్తారో అందులో ఎక్కిస్తాడు. మూడో అంతస్తు రామారావు గారికీ ఆయనకూ తొమ్మిదికి తొమ్మిది ఓట్లూ ఎదురే. అది నాకు చూపించి గర్వపడ్డాడు కూడా.

మొన్న ఆదివారం సాయంత్రం ఓటింగు వాచ్‌మన్ అంతయ్య గురించి. కెమెరాలు పెట్టాక అతనెందుకు, సెల్లార్‌లో అతని గది తీసేస్తే ఇంకో కారు పడుతుందని కొందరి వాదన. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన అంతయ్య, భార్య లచ్చమ్మతో పదకొండేళ్లుగా ఆ గదిలోనే ఉంటున్నాడు. ఓట్లు సమానమైతే పాత పద్ధతే సాగాలని మా నియమం.

పంపేయాలని ఆరు చేతులు లేచాయి. ఉంచాలన్నప్పుడు అందరికన్నా ముందు లేచింది రామారావు గారి చెయ్యి. తర్వాత నాది, ఇంకో మూడు.

యోబు సార్ కలం ఆగిపోయింది. "రెండు కార్లున్నోడు గీనెందుకు గా దిక్కు పోయిండు? ఏదో మతలబుంది" అని నా చెవిలో గొణిగాడు.

"మతలబు తర్వాత చూద్దాం, ముందు చెయ్యెత్తండి సార్" అన్నాను.

"జర ఆగున్రి. తెలిసేదాంక నేను తటస్థం."

ఆరు, అయిదు. అంతయ్య గది పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చింది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో బావమరిది ఇంటికి ప్రయాణం. రామారావు గారే దగ్గరుండి మంచం ఎక్కిస్తున్నారు. యోబు సార్ అంతయ్యను పక్కకు పిలిచాడు.

"రామారావు నీకెందుకు ఓటేసిండు? మీరిద్దరు ఏమన్న మాట్లాడుకున్నరా?"

"ఏం లేదు సార్. లిఫ్టు ఖరాబైన నాడు వాళ్లమ్మను దవాఖానకు తీస్కపోనీకి నేనే ఎత్తుకొని కిందికి దింపిన. గంతే."



ఓటింగప్పుడు అంతయ్య గేటు దగ్గర ఉన్నాడు. ఎవరు ఎటు ఎత్తారో చూడలేదు, లెక్క మాత్రమే విన్నాడు.

"అయిదుగురు నా దిక్కు ఎత్తిన్రంట గద సార్. మిగిలినోళ్ల సంగతి నాకెరుక లేకుండె. మీరొక్కరైతే ఎత్తుతరని లచ్చమ్మకు ముందే చెప్పిన" అంటూ యోబు సార్ రెండు చేతులూ పట్టుకున్నాడు.