కెప్టెన్‌గారి మనవడు

వాగ్దేవతకు అంజలి ఘటించి, మార్గశిర శుద్ధ విదియ నాడు, ఈ వేసవిలో దివంగతులైన మా పొరుగింటి పెద్దాయనను తలచుకుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది అమెరికాలో ఒక కళాశాల పట్టణం. ఆట ఉన్న శనివారాల్లో స్టేడియం హోరు మా వాకిలి దాకా వినిపిస్తుంది. ఆ హోరు చెవిన పడగానే ఆయన టోపీ తీసి, తల వంచి నిలబడేవారు. గత శతాబ్దపు తొలినాళ్లలో, ఒక సీజనంతా ఓటమి ఎరుగని ఆ కళాశాల ఫుట్‌బాల్ జట్టుకు ఆయన తాతగారే కెప్టెన్. అది వంశగౌరవానికి చేసే వందనమని భావించాను.

నిరుడు దసరాకు మా తెలుగువారి సభలో ఆయనను సన్మానించ సంకల్పించాను. ఆయన వద్దన్నారు.

"నాన్నగారూ, ఆయన నో అంటున్నారు కదా, ఫోర్స్ చేయకండి. చేతిలో శాలువా ఉంటే మీరు ఎవర్నీ వదలరు," అంది మా అమ్మాయి.

నేను వినలేదు. వేదికపై శాలువా కప్పాను. చప్పట్లు మోగగానే ఆయన టోపీ తీశారు.

"ఆ సీజన్‌లో ఒక కుర్రాడి తలకు దెబ్బ తగిలింది. ఆడలేనన్నాడు. మా తాత 'లే, ఆడు' అన్నాడు. జట్టు గెలిచింది, కుర్రాడు పోయాడు. అప్పట్నుంచీ చప్పట్లు వినపడితే తాత టోపీ తీసేవాడు," అన్నారు ఇంగ్లీషులో, మెల్లగా.

శాలువా తీసేయబోయిన నా చేతిని ఆయనే ఆపారు. "ఉండనివ్వండి. ఇది ఎవరికి చెందాలో నాకు తెలుసు."

నిరుటి కార్తిక శుద్ధ ఏకాదశి నాడు ఆయన నన్ను వెంటబెట్టుకొని వెళ్లి, ఆ శాలువాను ఆ కుర్రాడి సమాధిపై పరిచారు.