బాబాయి కొట్టిన డేగ

మొన్న గుంటూరులో ఒక బట్టల కొట్టు గుమ్మానికి కట్టిన వరికంకుల కుచ్చు పక్కనుంచి వెళ్తుంటే ఎండుగడ్డి వాసన గుప్పున తగిలి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అలంకారానికి కట్టారట.

మా ఊళ్ళో ఆ కుచ్చు పిచికల కోసమే. కోతలవగానే నాయనమ్మ కంకుల్ని జడలా అల్లి వసారా దూలానికి కట్టేది. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో, గోంగూర పచ్చట్లో ఉల్లిపాయ నంజుకుంటూ కింద మేము, వడ్లు ఒలుచుకుంటూ పైన అవి, ఊకంతా మా కంచాల్లోకే. తాతయ్య ఫొటో వెనకాల ఒక జంట గూడు కట్టి మూడు పిల్లల్ని చేసింది. ఎనిమిదేళ్ళ నేను వాటికి పెద్దదిక్కుననుకుంటూ తిరిగేదాన్ని.

ఒక పొద్దున మగపిచిక కుచ్చు మీదుండగానే బూడిదరంగు పిట్ట రివ్వున వచ్చి తన్నుకుపోయింది. పావురమంత ఒళ్ళు, రొమ్మంతా అడ్డచారలు. ఇక తల్లి ఒక్కతే. అదీ పోతే పిల్లల గతేంటని నాకు అన్నం సయించలేదు. కర్ర పట్టుకుని వసారాలోనే కూర్చున్నాను.

"డేగేనే అది," అంది నాయనమ్మ. "ముక్కు చూడాల, చారలు కాదు. డేగ ముక్కు కొడవలి మాదిరి వంగుంటది. కోయిలజాతి పిట్టొకటుంది, అచ్చం ఇట్టాగే ఉండి మోసం జేస్తది."

మర్నాడు మధ్యాహ్నం వేపచెట్టు మీద చారల రొమ్ము కనపడింది. ముక్కు చూసే ఓపిక ఎవరికుంది! "బాబాయ్, అదిగో!" అని అరిచాను. అన్నానికొచ్చిన బాబాయి ఉండేలు తీసి ఒక్క దెబ్బకే పడేశాడు. ముందు నేనే పరుగెత్తాను. ముక్కు తిన్నగా ఉంది. అందులో గొంగళిపురుగు ఇంకా మెలికలు తిరుగుతోంది. అయ్యో దేవుడా! ఆ పురుగుని లాగి దూరంగా విసిరేశాను. నాకది డేగే కావాలి.

బాబాయి ఊరంతా చాటుకుంటూ దాన్ని అట్నుంచటే తీసుకెళ్ళి, పిట్టల్ని బెదిరించడానికి జొన్నచేలో గెడకి కట్టాడు. మర్నాడు నేను మళ్ళీ కర్ర పట్టుకుంటే అందరూ నవ్వారు.

"ఇంకెక్కడి డేగే? చచ్చిందిగా! బడికి పో," అన్నాడు బాబాయి.

నిజం చెబితే ఎవరో ఒకరు కాపలా ఉండేవాళ్ళు. కర్ర మూలన పెట్టి బడికి పోయాను. బడి నుంచి వచ్చేసరికి కుచ్చు కింద తల్లిపిచిక ఈకలు నాలుగు పడున్నాయి. నూకల అన్నం మెత్తగా మెదిపి పిల్లల నోళ్ళలో పెట్టాను, వేలితో నీళ్ళ చుక్కలు వేశాను, తినండే, తినండే అని ఏడ్చాను. రెండు రోజులు అరిచాయి. మూడో రోజు అరవలేదు. మూడింటినీ గోంగూర మడిలో పాతిపెట్టి, ఎగిరిపోయాయని ఇంట్లో చెప్పాను.

ఇప్పుడా వసారా లేదు, స్లాబు వేశారు. ఊళ్ళో పిచికల్లేవు, వాటి కోసం వచ్చే డేగా లేదు. పోయినేడు వెళ్తే, బాబాయి నా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మీ అమ్మ చూపంటే చూపే తల్లీ! కొమ్మల్లో నక్కిన డేగని ఇట్టే పట్టేసింది. లేకపోతే ఆ పిచికపిల్లలు బతికేవా?" అన్నాడు.

నా కూతురు గర్వంగా నావైపు చూసింది. నేను నవ్వాను.