సాంబ్రాణి పట్టిన పక్కటెముకలు

నా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో పొగ వేయడం కూడా ఒక ఉద్యోగమే. మా మేనమామ చేసే పని అదే. పాటలో మంచు కురవాలన్నా, ఫైటులో ఇల్లు తగలబడాలన్నా నిప్పుల మీద కొబ్బరి పీచు, సాంబ్రాణి వేసి విసిరేవాడు. సెలవుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. పొగ చాల్లేదని డైరెక్టర్లు ఆయన మీద అరవని రోజు లేదు. వింటుంటే నాకు ఏడుపొచ్చేది.

ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటూ ఊగిపోతున్న రోజులవి. సెట్లలోకి పొగ మిషన్లు వచ్చి మామను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. షూటింగులకు బంగళా ఇచ్చే జూబ్లీ హిల్స్ సాఫ్ట్‌వేరాయన ఒకరు, మామకు వంట కూడా వచ్చని విని, ఒక మాటన్నారు. విదేశంలో తాను తిన్నట్టు పంది పక్కటెముకలను పొగలో మగ్గబెట్టి ఇస్తే, తన ఆఫీసు విందులన్నీ మామకే అప్పగిస్తానని. ఆదివారం సాయంత్రం రుచి చూడ్డానికి మా ఇంటికే వస్తానన్నారు.

పంది మాంసం గడప లోపలికొస్తే తాను గడప దాటుతానని అమ్మమ్మ తేల్చేసింది. దాంతో వ్యవహారం మేడ మీదికి చేరింది. మాలో ఎవరూ అంతకుముందు చేసిన వంట కాదు. పాత ఇనుప డ్రమ్ములో బొగ్గులు, ఎండు జామ కట్టెలు రాజేసి, పైన జాలీ మీద ఉప్పూకారం పట్టించిన పక్కటెముకలు పరిచి మామ మూత వేశాడు. పొద్దున్నుంచీ కదలకుండా కాపలా కాసి, సాయంత్రమయ్యాక నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"మూత తియ్యకు బిడ్డా. పొగ సన్నగనే రావాలె," అని చెప్పి స్నానం చేసి, వచ్చే కారుకు దారి చూపడానికి సందు చివరికి వెళ్లాడు.

ఇంత బక్క పొగ చూసి ఆ పెద్దాయన కూడా మామను తిడతారేమో అనిపించింది. మేడ మీదే ఉన్న మామ పని సంచీలోంచి రెండు గుప్పిళ్లు సాంబ్రాణి తీసి, మూతెత్తి నిప్పుల మీద కుమ్మరించాను. పొగ గుప్పున లేచింది. ఎంత మురిసిపోయానో!

మామకు మెట్ల మీదే వాసన తగిలింది. కానీ వెనకే అతిథి ఉన్నారు. ఒక ముక్క కొరికి ఆయన మెల్లగా పళ్లెంలో పెట్టేశారు.

"ఇదేంటండీ, సాంబ్రాణి వాసనొస్తోంది?"

మామ నా చేతుల వైపు చూశాడు. తెల్లటి పొడి ఇంకా అంటుకునే ఉంది.

"నాదే తప్పు సార్. షూటింగ్ అలవాటు గద, చెయ్యి ఊకోలే."

ఆయన మర్యాదగానే నవ్వి వెళ్లిపోయారు. ఇక కబురు రాలేదు. పసిపిల్లకు తలంటి పొగ వేసినట్టుందని అమ్మమ్మ కింది నుంచి ఒకటే నవ్వు. నేను వెక్కివెక్కి ఏడుస్తూ నిజం చెప్పాను. తనకు తెలుసన్నట్టు మామ తలూపాడు, అంతే.

మరుసటి ఆదివారం మళ్లీ డ్రమ్ము రాజేశాడు. ఈసారి మాకోసమే. నన్ను ఆ దరిదాపులకు కూడా రానివ్వడనుకున్నాను. మామ స్టూలు తెచ్చి డ్రమ్ము పక్కన వేశాడు. "కూసో. నువ్వే చూడాలె," అని మెట్లు దిగిపోయాడు. సంచీ అక్కడే ఉంది. దాన్ని కూడా తీసుకెళ్లలేదు. నేను చేతులు సంచీ వైపు పోకుండా తొడల కింద పెట్టుకుని కూర్చుని, గంటసేపు ఆ సన్నని పొగనే చూశాను.

ఆ రోజు పక్కటెముకలు బాగా కుదిరాయి. నాకు రుచి గుర్తులేదు.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తారు. ఎవరైనా పని చెడగొట్టి నా ఎదుట తలదించుకుని నిలబడితే, నాకూ ముందు కోపమే వస్తుంది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఆ పనినే మళ్లీ వాళ్ల చేతిలో పెడతాను. ఆ తర్వాత తిరిగి చూడకుండా నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. నా వల్ల బతుకుతెరువు చేజారినా మామ ఆ డ్రమ్మును నాకే వదిలి మెట్లు దిగాడు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.