యోహాను కుర్చీకి నేను వేసిన ముడి

ఒక మనిషి తన చేతిని తానే కట్టేసుకుని, ఆదోనిలో పట్టపగలు, పిల్లలందరూ చూస్తుండగా వంగి వంగి పరిగెత్తిన వైనం మీరెక్కడా విని ఉండరు. ఇప్పుడు వినండి. నవ్వొస్తే నవ్వండి, నాకేం బాధ లేదు. ఆ మనిషిని నేనే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు వచ్చాయి, తెలివి మాత్రం ఇంకా రాలేదు.

ఆదోనిలో ఒక బడి ఆవరణలో శని, ఆదివారాలు పిల్లల శిబిరం పెట్టారు. వైకల్యం ఉన్న పిల్లలు, వాళ్ల తోబుట్టువులు అందరూ కలిసి ఆడుకునే శిబిరం. ఎమ్మిగనూరు నుంచి నేను వాలంటీరుగా పోయాను. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ పెట్టించి, శిబిరం నడిపే సుశీల మేడమ్ మాకు ఒకే ఒక్క నియమం చెప్పింది.

"ఈ అక్కలు, అన్నలు ఇంటికాడ దినామూ తోడబుట్టినోళ్లను చూసుకుంటానే ఉంటారు. ఈ రెండు దినాలు వాళ్లు ఆడుకోవల్ల. ఏ పనికీ వాళ్లను పిలవగాకండి. తెలిసిందా?"

"తెలిసింది మేడమ్" అన్నాను. ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు.

నాకు అప్పగించింది యోహానును. మాధవరం పిల్లవాడు, తొమ్మిదేళ్లు. కాళ్లు పనిచేయవు, చక్రాల కుర్చీలో ఉంటాడు. నోరు మాత్రం ఇద్దరికి సరిపోయేంత ఉంది. వాళ్లక్క మార్తకు పన్నెండేళ్లు. అమ్మానాన్న కూలికి పోతే తమ్ముడి పనంతా ఆ పిల్లదే. బడిలో ఖోఖో ఆడమని ఎంత పిలిచినా, గంట కొట్టగానే ఇంటికి పరిగెత్తాలి గనక ఒక్క ఆటా చివరిదాకా ఆడలేదట. ఈరోజు ఆడబోతోంది.

"అన్నా, వీణ్ణి ఎండలో పెట్టొద్దు. ఏమన్నా అయితే నన్ను పిలువు, వచ్చేస్తా" అంది మార్త.

"నువ్వు పోక్కా! ఆట అయ్యేదాకా ఈ పక్క సూసినావంటే నీతో మాట్లాడను" అని యోహాను తరిమేశాడు.

ఇక నా ఘనకార్యం. ఆ మైదానం గేటువైపు కాస్త వాలుగా ఉంది. కుర్చీకి బ్రేకుంది, వేయడం వాడికి వచ్చు, పక్కన నిలబడితే చాలని మేడమ్ చెప్పింది. కానీ నేను నేతగాడి కొడుకును. నూలును నమ్మినట్టు ఇనుమును నమ్మను. బ్యానరు కట్టగా మిగిలిన నూలుతాడు ఒకటి కనబడింది.

"ఏంటికన్నా తాడు?"

"నువ్వు జారిపోకుండా."

"నేనేమన్నా మేకనా? బ్రేకుంది గదా!"

"బ్రేకు కంటే ముడి గట్టిది రా. మగ్గం మీద పోగు తెగితే ఏసే ముడి ఇది, మా నాయిన నేర్పించినాడు. గుడ్డ చినగల్ల గాని ముడి ఊడదు."

ఒక కొస కుర్చీ చేతికమ్మికి కట్టాను. రెండో కొస నా కుడి మణికట్టుకు చుట్టి, పళ్లతో లాగి బిగించాను. నడుమ జానెడు తాడు. యోహాను ముడిని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"అయితే నేను యాడికి పోతే నువ్వు ఆడికి వస్తావు" అని బ్రేకు తీశాడు.

వాడి చేతుల్లో అంత బలముందని నాకెవరూ చెప్పలేదు! కుర్చీ ముందు, నేను వెనక, సంతలో కొన్న దూడలాగా. రోట్లో తలపెట్టినవాడు రోకటిపోటుకు వెరవకూడదంటారు. కుర్చీకి చెయ్యి కట్టుకున్నవాడు గుంతలకూ వెరవకూడదు. ఆ పరుగు పోయి పోయి ఆ రోజు భోజనాల ఖర్చు పెట్టుకున్న పత్తి వ్యాపారి శెట్టిగారి ముందు ఆగింది. నడుము దాకా వంగి ఉన్న నన్ను చూసి, పాదాలకు మొక్కుతున్నాననుకుని ఆయన మురిసిపోయాడు.

"చల్లగా ఉండప్పా. ఈ కాలంలో ఇంత వినయం యాడుంది!" అని నెత్తిన చెయ్యిపెట్టి చాలాసేపు దీవించాడు.

అక్కడినుంచి కొళాయి దగ్గరికి. నా చెయ్యి తడిసింది. తడిస్తే నూలు బిగుస్తుందని మా వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మణికట్టు మీది ముడి గోటికి దొరకలేదు, పంటికి దొరకలేదు. కుర్చీ కొసకు వేసిందీ అదే ముడి గనక దాని జోలికే పోలేదు.

"మీ అక్కను పిలుద్దాం రా. సన్నటి వేళ్లు, ఇట్టే ఇప్పుతాది" అన్నాను. చూశారా, మేడమ్ చెప్పిన నియమం రెండు గంటలు కూడా నా బుర్రలో నిలవలేదు.

యోహాను మొహం మారిపోయింది.

"అక్క ఆడుకుంటాంది."

"ఒక్క నిమిషం రా!"

"ఇంట్లో గూడా అందరూ ఒగ నిమిషమే అంటారు."

అని కుర్చీని గిర్రున వంటపందిరి వైపు తిప్పాడు. నేను ఖోఖో వైపు ఒక అడుగు వేస్తే కుర్చీ ఇటు రెండు అడుగులు. లాగితే కుర్చీ పడుతుందేమోనని భయం. అట్లాగే పోయి వంటమాస్టరు దస్తగిరి ముందు తేలాను.

"మాస్టర్, కత్తి!"

"ఉల్లిగడ్డలు కోస్తాండాను, కనపళ్లేదా?"

"నిదానంగా కొయ్యి మామా, తొందర్లేదు" అన్నాడు యోహాను.

రెండు గంపల ఉల్లిగడ్డలు. మైదానం వైపునుంచి "ఖో! ఖో!" అని కేకలు. చివరికి ఈల మోగింది, చప్పట్లు వినబడ్డాయి. అప్పుడు దస్తగిరి కళ్లు తుడుచుకుంటూ కత్తి పట్టుకొని వచ్చాడు.

"యాడుందప్పా ముడి? కుర్చీకి ఏమీ లేదే!"

నిజమే. తాడు ఆ కమ్మికి ఊరికే రెండు చుట్లు చుట్టి ఉంది. యోహాను తొడకింద దాచిన కొసను తీసి నా చేతిలో పెట్టాడు.

"ఎప్పుడు ఇప్పినావురా?"

"శెట్టి నిన్ను దీవిస్తాంటే."

"నా ముడినా!"

"ఇంట్లో మేకల తాళ్ల ముళ్లు ఇప్పేది నేనే అన్నా. అవి నీకన్నా గట్టిగా బిగిస్తాయి."

"మరి సెప్పలేదేం?"

"సెప్తే నువ్వు పోయి అక్కను పిల్చుకొస్తావు గదా."

నేను అక్కడే చతికిలబడ్డాను. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా వాడిమీద గౌరవం కలిగింది. వాడికి నేను కాపలా అనుకున్నాను. వాడేమో అంతసేపూ అక్క ఆటకు కాపలా కాశాడు. మార్త మోకాళ్లనిండా మన్నుతో పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అన్నా, ముగ్గుర్ని ఔట్ సేసినా! వీడేమన్నా సతాయించినాడా?"

"లేదమ్మా, నేనే వాణ్ణి సతాయించినాను" అన్నాను.

మా ఇంటి రాట్నం సాక్షిగా, మగ్గం సాక్షిగా, దస్తగిరి ఉల్లిగడ్డల సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను: అడగనివాళ్ల భద్రత కోసం ఈ జన్మలో ముడి వేయను. ఇప్పటిదాకా ఆ మాట తప్పలేదు.

మరి మర్నాడు ఆదివారం కూడా నీ చేతికి తాడుంది గదా అని దస్తగిరి ఈనాటికీ ఎగతాళి చేస్తుంటాడు. ఉంది, కాదనను. పొద్దున్నే యోహాను ఆ తాడే పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, సెయ్యి ఇయ్యి. అక్కకు ఈ పొద్దు మల్లా ఆటుంది."

ఆ ముడి వేసింది వాడు. నేను చెయ్యి మాత్రమే ఇచ్చాను.